దావీదు సింహాసనము నిత్యమన్న వాగ్దానము తప్పిపోయెనా?

వేదపాఠము

చదువవలసిన భాగములు: 2 సమూయేలు 7:1-17, కీర్తన 89, యిర్మీయా 22:24-30, 23:1-8, హగ్గయి 2:20-23, లూకా 1:26-33.
కంఠస్థ వాక్యము: లూకా 1:33. (ఇంటిల్లిపాదియు తమ తమ బైబిలులు తెరచి నేర్చుకొనవలెను.)



ఒక ఆదివారము మధ్యాహ్నము మా వేదపాఠములో హగ్గయి గ్రంథము ముగించుచుండగా ఒక యౌవనస్థుడు లేచి నిలిచెను. అతడు కన్నడ మాధ్యమములో చదువుకొన్నవాడు. ఇంట తెలుగు మాటలాడును గాని బైబిలు కన్నడములో చదువును. “అయ్యగారూ, దావీదు సింహాసనం ఎప్పటికీ ఉంటుందని దేవుడు నాతానుతో చెప్పించాడు. ఆ వంశంలోని కొన్యా సంతానంలో ఎవడూ ఆ సింహాసనం మీద కూర్చోడని యిర్మీయాతో చెప్పించాడు. ఆ కొన్యా మనుమణ్ణే ఏర్పరచుకున్నానని హగ్గయితో చెప్పించాడు. మూడూ ఎలా నిజమవుతాయి?” అని అడిగెను. మేము జవాబు చెప్పబోవునంతలో వెనుక చాపమీద కూర్చున్న ఒక వృద్ధమాత నెమ్మదిగా, “అయితే దేవుడు మాటిచ్చి వెనక్కి తీసుకుంటాడా, అయ్యా?” అనెను. ఆమె కుమారుడు సంఘము విడిచి చాలా ఏండ్లాయెను. అతని విషయమై ఆమె ఒక వాక్యము పట్టుకొని ప్రార్థించుచున్నదని మా అందరికి తెలియును.

యౌవనస్థుని ప్రశ్న గ్రంథమును గూర్చినది. ఆ తల్లి ప్రశ్న దేవుని గూర్చినది. ఒకదానికి జవాబు చెప్పి రెండవదానిని విడిచిపెట్టుట కాపరికి తగదు. గనుక ఈ పాఠములో రెండింటిని కలిపి ధ్యానింతము.

1. చిక్కు ఎక్కడ ఉన్నది?

మొదట చిక్కును దాచకుండ ఎదుట పెట్టుకొందము. లేఖనమును ప్రేమించువాడు లేఖనములోని కష్టమైన చోట్లను చూచి పారిపోనక్కరలేదు.

2 సమూయేలు 7వ అధ్యాయములో దావీదు దేవునికి ఇల్లు కట్టవలెనని తలంచగా, దేవుడే దావీదునకు ఇల్లు, అనగా వంశము, కట్టుదునని సెలవిచ్చెను. 13, 16 వచనములలో ఆ రాజ్యము నిత్యము స్థిరపరచబడునని మూడు మారులు చెప్పబడెను. కుమారుడు తప్పు చేసినయెడల శిక్ష కలుగునే గాని, సౌలు నుండి తీసివేసినట్లు కృపను తీసివేయనని 14, 15 వచనములలో ఉన్నది. ఇక్కడ “అయినయెడల” అను షరతు రాజ్యమునకు లేదు.

అయితే 1 రాజులు 2:4లో దావీదు మరణశయ్య మీద సొలొమోనుతో అదే వాగ్దానము చెప్పుచు, కుమారులు సత్యముగా నడచుకొనినయెడల అని షరతు చేర్చెను. 1 రాజులు 9:4-9లో దేవుడే సొలొమోనుకు ఆ షరతును విప్పి చెప్పి, తప్పిపోయినయెడల దేశమును మందిరమును కూడ పోవునని హెచ్చరించెను.

చివరకు అట్లే జరిగెను. క్రీ.పూ. 586లో యెరూషలేము కాలిపోయెను. సిద్కియా కన్నులయెదుటనే అతని కుమారులను చంపించి, తరువాత అతని కన్నులు ఊడదీయించిరి (2 రాజులు 25:7). ఆ దినము మొదలుకొని దావీదు వంశస్థుడెవడును యెరూషలేములో రాజుగా కూర్చుండలేదు. మరి “నిత్యము” ఏమాయెను?

2. పట్టా ఒకటి, సాగు ఒకటి

మన పెద్దలు భూమిని గూర్చి మాటలాడునప్పుడు పట్టా వేరు, సాగు వేరు అని చెప్పుదురు. ఒక తాత తన పొలమును వంశమునకు వ్రాసి ఇచ్చి, పొలమును పాడుచేసిన మనుమని సాగునుండి తొలగింపవలెనని కూడ ఆ కాగితములోనే వ్రాసెననుకొనుడి. ఒక మనుమడు తాగి పొలము బీడు పెట్టగా అతనిని తొలగించిరి. పొలము ఆ కుటుంబమునుండి పోయెనా? పోలేదు. అతని అనుభవము పోయెను, వంశపు హక్కు నిలిచెను.

దావీదు నిబంధనలోను ఈ రెండు పాళ్లు ఉన్నవి. వంశమునకు ఇచ్చిన హక్కు దేవుని ప్రమాణము మీద ఆధారపడినది. ఆయా రాజు సింహాసనము మీద నిలిచియుండుట అతని విధేయత మీద ఆధారపడినది. కీర్తన 132:11, 12 వచనములను వెంటవెంట చదివిన ఇది స్పష్టమగును. 11వ వచనములో దేవుడు తప్పని ప్రమాణము చేసెను. 12వ వచనములో కుమారులు నిబంధనను గైకొనినయెడల అని ఉన్నది. ఒకే భక్తుడు, ఒకే పాటలో, రెండు మాటలను ప్రక్కప్రక్కనే పెట్టెను. అవి ఒకదానినొకటి కొట్టివేయుచున్నవని అతడు తలంచలేదు.

కీర్తన 89:30-37 కూడ ఇట్లే ఉన్నది. కుమారులు ధర్మశాస్త్రము విడిచినయెడల దండము వచ్చును, దెబ్బలు వచ్చును, గాని నిబంధన రద్దు కాదు. శిక్ష వాగ్దానమునకు విరోధి కాదు. శిక్ష వాగ్దానములోనే వ్రాయబడియున్నది. 586లో యెరూషలేము కూలుట దేవుడు మాట తప్పుట కాదు, మాట నిలువబెట్టుకొనుటలో ఒక సగము. రెండవ సగము కొరకు ఇంకను కనిపెట్టవలసియుండెను.

1 రాజులు 11:39 చాలామంది దాటిపోవు చిన్న వచనము. రాజ్యమును చీల్చునప్పుడు దేవుడు అహీయా ద్వారా దావీదు సంతతిని బాధపరతునని చెప్పి, అయితే అది నిత్యము ఉండదని చేర్చెను. ఇక్కడ “నిత్యము” అను మాట శిక్ష ప్రక్కన రానియ్యబడలేదు. రాజ్యమునకు నిత్యము, బాధకు హద్దు. ఈ వచనము క్రింద గీత గీసికొనుడి.

3. “నిత్యము” అను మాటను గూర్చి

హెబ్రీ భాషలో ఈ మాట “ఓలాము”. కనుచూపు అందనంత కాలము అని దాని భావము. ఎంత దూరమో సందర్భమును బట్టి తెలిసికొనవలెను. నిర్గమకాండము 21:6లో చెవి కుట్టబడిన దాసుడు యజమానుని యొద్ద ఎల్లకాలము ఉండునన్నప్పుడు, అతని జీవితకాలమంతయు అనియే భావము. 1 సమూయేలు 1:22లో హన్నా తన కుమారుడు మందిరములో ఎల్లకాలము ఉండునని చెప్పెను. 28వ వచనములో అదే మాటను అతడు బ్రదుకు దినములన్నియు అని విప్పి చెప్పెను.

కొందరు బోధకులు ఈ ఒక్క మాటతో చిక్కంతయు తీరిపోయినదని చెప్పుదురు. మేము అట్లు చెప్పజాలము. కీర్తన 89:36, 37లో ఆ సింహాసనము సూర్యునితోను చంద్రునితోను పోల్చబడెను. యిర్మీయా 33:20, 21లో పగటిని రాత్రిని గూర్చిన నిబంధనతో పోల్చబడెను. నాలుగు వందల ఏండ్ల రాజ్యముతో సరిపెట్టుకొను మాటలు ఇవి కావు. కాబట్టి దావీదు విషయములో “నిత్యము” అను మాటను తగ్గించుకొని తప్పించుకొను దారి మనకు లేదు.

4. సౌలుకును యరొబామునకును చెప్పబడిన మాటలు

మరియొక ప్రశ్న కూడ వచ్చుచుండును. 1 సమూయేలు 13:13లో సౌలు విధేయుడై యుండినయెడల అతని రాజ్యము నిత్యము స్థిరపరచబడి యుండెడిదని సమూయేలు చెప్పెను. ఆదికాండము 49:10లో రాజదండము యూదాకు చెప్పబడినది గదా, సౌలు బెన్యామీనీయుడు గదా?

ఇక్కడ గమనింపుడి. సౌలుకు అది ఇచ్చిన వాగ్దానము కాదు, పోగొట్టుకొనినదానిని గూర్చిన మాట. యరొబామునకు 1 రాజులు 11:38లో దావీదువలె స్థిరమైన ఇల్లు కట్టుదునని దేవుడు చెప్పెను గాని, “విధేయుడవైనయెడల” అను వాకిలి దాటియే ఆ ఇంటిలోనికి పోవలెను. ఏలీ ఇంటివారికి యాజకత్వము నిత్యమని చెప్పిన దేవుడే 1 సమూయేలు 2:30లో దానిని ఉపసంహరించుకొనెను. యిర్మీయా 18:7-10 ఈ నియమమును కుమ్మరి ఇంట తేటపరచుచున్నది. మేలు చెప్పబడిన జనము కీడు చేసినయెడల దేవుడు మేలు చేయక మానును, కీడు చెప్పబడిన జనము మనస్సు త్రిప్పుకొనినయెడల కీడు చేయక మానును. నీనెవెయే దీనికి సాక్షి.

అయితే దావీదు విషయములో వ్యత్యాసమేమి? 2 సమూయేలు 7:15 ఆ వ్యత్యాసమును సౌలు పేరుతోనే చెప్పుచున్నది. సౌలుకు జరిగినట్లు ఇతని ఇంటికి జరుగదు. ఇది దావీదు సౌలుకంటె మంచివాడైనందున కాదు. ఊరియా భార్య సంగతి మనకు తెలియును. దేవుడు ప్రమాణము చేసెను గనుకనే ఆ వ్యత్యాసము.

5. ఆరిపోని దీపము

చరిత్రను చూచినను ఇది కనబడుచున్నది. రాజ్యము చీలిన తరువాత ఉత్తర దేశమైన ఇశ్రాయేలు క్రీ.పూ. 722లో పడిపోవువరకు సుమారు రెండు వందల ఏండ్లు నిలిచెను. ఆ కాలములో 19 మంది రాజులు, తొమ్మిది వేరువేరు వంశములు. ఒకని చంపి ఒకడు ఎక్కుటయే అక్కడ వాడుక. యూదాలోనో రెహబాము మొదలు సిద్కియా వరకు ఒకే ఇల్లు. దావీదు నుండి లెక్కించిన నాలుగు వందల ఏండ్లకు పైబడినది.

ఆ ఇల్లు సుఖముగా నిలువలేదు. అతల్యా రాజవంశమంతటిని చంపించినప్పుడు మిగిలినవాడు చంటిబిడ్డయైన యోవాషు ఒక్కడే. యెహోషెబ అతనిని దాచెను. ఆరేండ్లపాటు దేవుని వాగ్దానమంతయు మందిరములోని ఒక గదిలో, దాది చేతులలో ఉండెను (2 రాజులు 11:1-3). ఆహాజు దినములలో ఇద్దరు రాజులు కూడి టాబెయేలు కుమారుని యూదాకు రాజుగా నియమింపవలెనని చూచిరి (యెషయా 7:6). అది సాగలేదు. దావీదు నిమిత్తము దీపము ఉంచెదనన్న మాట 1 రాజులు 11:36లోను 15:4లోను, 2 రాజులు 8:19లోను మరల మరల వినబడుచున్నది. దీపము గాలికి రెపరెపలాడెను గాని ఆరిపోలేదు.

భూమి త్రవ్వినవారును దీనికి సాక్ష్యము తెచ్చిరి. 1993లో ఇశ్రాయేలు దేశపు ఉత్తరమున తేల్ దాను అనుచోట ఒక రాతి శాసనపు ముక్క దొరకెను. అది క్రీ.పూ. తొమ్మిదవ శతాబ్దములో అరామీయ భాషలో శత్రురాజు చెక్కించినది. అందులో “దావీదు ఇల్లు” అను మాట ఉన్నదని పండితులలో ఎక్కువమంది అంగీకరించుచున్నారు. యూదా రాజవంశమును ఇరుగుపొరుగు దేశములు ఆ పేరుతోనే ఎరుగును.

6. కొన్యా మీది తీర్పు, జెరుబ్బాబెలు ఉంగరము

ఇప్పుడు యౌవనస్థుని ప్రశ్నలోని గట్టి ముడికి వచ్చితిమి. యిర్మీయా కొన్యా అని పిలిచినవాడే రాజుల గ్రంథములో యెహోయాకీను, మత్తయి సువార్తలో యెకొన్యా. పదునెనిమిదేండ్ల ప్రాయమున రాజై మూడు నెలలే ఏలెను (2 రాజులు 24:8). క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు అతనిని చెరపట్టెను. బబులోనువారి దినవృత్తాంతపు మట్టిపలక, 1956లో ప్రచురింపబడినది, పట్టణము పట్టబడి రాజు చెరపట్టబడిన దినమును కూడ చెప్పుచున్నది. మన లెక్కలో అది ఆ యేటి మార్చి 16.

యిర్మీయా 22:24-30లో తీర్పు కఠినముగానే ఉన్నది. అతడు దేవుని కుడిచేతి ముద్ర ఉంగరమైనను ఊడబెరికివేయబడును. సంతానహీనుడని వ్రాయబడును. కొన్యాకు పిల్లలు లేరా? ఉన్నారు. 1 దినవృత్తాంతములు 3:17, 18లో పలువురి పేర్లున్నవి. బబులోనులో దొరకిన మట్టిపలకలలో, యూదా రాజైన యెహోయాకీనుకును అతని అయిదుగురు కుమారులకును నూనె కొలిచి ఇచ్చిన లెక్క ఉన్నది. ఆ పలకలు 1939లో ప్రచురింపబడినవి. కాబట్టి యిర్మీయా పొరబడెనా? లేదు. 30వ వచనము తన్ను తానే విప్పి చెప్పుచున్నది. పిల్లలు పుట్టరని దాని భావము కాదు, అతని సంతానములో ఎవడును వర్ధిల్లి దావీదు సింహాసనము మీద కూర్చుండి యూదాలో ఏలడని భావము. రాజుల పట్టికలో అతని తరువాతి గీత ఖాళీ. ఆ మాట అక్షరాల నెరవేరెను. అతని తరువాత సింహాసనమెక్కిన సిద్కియా అతని కుమారుడు కాడు, పినతండ్రి.

మరి హగ్గయి మాట? క్రీ.పూ. 520లో, దర్యావేషు ఏలుబడి రెండవ యేట, తొమ్మిదవ నెల యిరువది నాలుగవ దినమున, జెరుబ్బాబెలును ముద్ర ఉంగరముగా చేతునని దేవుడు సెలవిచ్చెను. ఊడబెరికిన ఉంగరము పేరే మరల ఎత్తుట యాదృచ్ఛికము కాదు. తాత యొద్ద తీసినదానిని మనుమని యొద్ద మరల పెట్టుచున్నాడు. అయినను చూడుడి: జెరుబ్బాబెలు రాజు కాలేదు. అతడు పారసీకుల క్రింద అధికారి మాత్రమే. సింహాసనము లేదు, కిరీటము లేదు. యిర్మీయా మాట చెడలేదు, హగ్గయి మాటయు చెడలేదు. సింహాసనము ఇయ్యబడలేదు గాని ఏర్పాటు తిరిగి ఇయ్యబడెను.

ఇందులో కృప ఎంతవరకు పనిచేసెనో చెప్పుటలో పండితులు భేదించుచున్నారు. తీర్పు కొన్యా దినములకే పరిమితమని కొందరందురు. చెరలో అతడు తగ్గించుకొనగా దేవుడు తీర్పును మెత్తపరచెనని కొందరందురు. యూదుల తాల్ముదు కూడ చెర అతని దోషమును తీర్చెనన్నట్లు మాటలాడుచున్నది. అతడు పశ్చాత్తాపపడెనని లేఖనము చెప్పలేదు గనుక మేము దానిని సిద్ధాంతముగా బోధింపము. లేఖనము చెప్పినది ఇంతే: చెరపట్టబడిన ముప్పది యేడవ యేట ఎవీల్మెరోదకు అతనిని బందీగృహము నుండి విడిపించి, చెరసాల బట్టలు మార్పించి, తన బల్లయొద్ద భోజనము పెట్టించెను (2 రాజులు 25:27-30). రాజుల గ్రంథము కాలిన పట్టణముతో ముగియలేదు, ఈ భోజనపు బల్లతో ముగిసినది.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి. కొన్యా మీది తీర్పు 22వ అధ్యాయపు చివరి వచనము. 23వ అధ్యాయము 5వ వచనములో దావీదునకు నీతిగల చిగురు పుట్టించెదనను వాగ్దానము. నడుమ నాలుగు వచనములే. యిర్మీయా వ్రాసినప్పుడు అధ్యాయముల గీతలు లేవు. తీర్పు వ్రాసిన ప్రవక్తయే వెంటనే వాగ్దానము వ్రాసెను. మనకు వైరుధ్యముగా కనబడినది అతనికి ఒకే సందేశము.

7. మత్తయి, లూకా వంశావళులు

మత్తయి 1:11, 12లో యెకొన్యా పేరు దాచబడలేదు. యూదా చదువరులకు యిర్మీయా 22 తెలియును. అయినను మత్తయి ఆ పేరు వ్రాసెను. యోసేపు ద్వారా యేసునకు దావీదు సింహాసనపు చట్టబద్ధమైన హక్కు వచ్చుచున్నది. 16వ వచనములో మాత్రము “కనెను” అను వరుస ఆగిపోయి, మరియయందు యేసు పుట్టెనని మార్పు చేయబడెను. లూకా 3:31 సొలొమోను ద్వారా కాక దావీదు మరియొక కుమారుడైన నాతాను ద్వారా వంశమును చెప్పుచున్నది.

లూకాది మరియ వంశావళియని మన ప్రసంగపీఠములనుండి తరచుగా వినుచుందుము. అది సాధ్యమే. అయితే లూకా 3:23లో యోసేపు పేరే ఉన్నది, మరియ పేరు లేదు. షయల్తీయేలు, జెరుబ్బాబెలు అను పేర్లు లూకాలోను ఉన్నవి, షయల్తీయేలు తండ్రి పేరు మాత్రము వేరు. మూడవ శతాబ్దములో జూలియస్ ఆఫ్రికానసు అను క్రైస్తవ పండితుడు, సంతానము లేక చనిపోయినవాని భార్యను సహోదరుడు పెండ్లాడు ధర్మమును బట్టి ఒకనికి ఇద్దరు తండ్రులు, ఒకరు పుట్టుకచేతను ఒకరు ధర్మశాస్త్రముచేతను, ఉండవచ్చునని వివరించెను. ఏ వివరణ పట్టుకొనినను నిదానముగా పట్టుకొనుడి. లేఖనము చెప్పని చోట గట్టిగా చెప్పి, తరువాత పిల్లలు కాలేజీలో చదివి వచ్చి అడుగగా తడబడుటకంటె, ఇంతవరకు తెలియునని చెప్పుట మేలు. సువార్తికులిద్దరును ఏకకంఠముగా చెప్పునది ఒకటి: యేసు దావీదు కుమారుడు, యోసేపు ఇంట పెరిగిన వారసుడు.

8. ఖాళీ సింహాసనము

యిర్మీయా 33:17 మాటను కొందరు, దావీదు సింహాసనము ఒక్క దినమైనను ఖాళీగా ఉండదని గ్రహింతురు. హెబ్రీ పలుకుబడి ప్రకారము దాని భావము, కూర్చుండదగినవాడు కొట్టివేయబడడని, అనగా వంశము తెగిపోదని. సింహాసనము ఖాళీగా ఉండుట వేరు, వారసుడు లేకపోవుట వేరు. ఖాళీ కాలము వచ్చునని లేఖనమే ముందుగా చెప్పెను. హోషేయ 3:4, 5లో ఇశ్రాయేలీయులు బహుదినములు రాజు లేక ఉండి, తరువాత తమ రాజైన దావీదును వెదకుదురని ఉన్నది. యెహెజ్కేలు 21:25-27లో సిద్కియాను గూర్చి, కిరీటము తీసివేయబడి, హక్కుగలవాడు వచ్చువరకు ఉండదని చెప్పబడెను. యెషయా 11:1లో ఉన్నది నిలిచిన చెట్టు కాదు, నరకబడిన యెష్షయి మొద్దు. చిగురు పుట్టవలెనంటే చెట్టు నిలువనక్కరలేదు, వేరు బ్రదికియుండిన చాలును.

ఆ ఖాళీ కాలము దాదాపు ఆరు వందల ఏండ్లు. నడుమ హస్మోనీయులు రాజులమని పేరుపెట్టుకొనిరి, వారు యాజక వంశస్థులు. క్రీ.పూ. 40లో రోమా మంత్రిసభ హేరోదును రాజుగా ప్రకటించెను, అతడు ఇదూమయ వంశస్థుడు. రాజులుండిరి గాని దావీదు కుమారుడు లేడు.

ఆ కాలపు భక్తులు ఎట్లు ప్రార్థించిరి? కీర్తన 89 చూడుడి. మొదటి 37 వచనములలో ఏతాను కీర్తన వాగ్దానమును స్తుతించుచున్నది. 38వ వచనమున ఒక్కసారిగా దేవునినే ఎదుర్కొని, నీవే నిబంధన విడిచితివి, కిరీటము నేలపాలు చేసితివి అని మొరపెట్టుచున్నది. పూర్వపు కృప ఎక్కడ అని 49వ వచనమున అడుగుచున్నది. ఈ మొర దేవదూషణయని గ్రంథములోనుండి తీసివేయబడలేదు. ఆరాధనలో పాడుటకు ఉంచబడెను. వాగ్దానమును నమ్మినవాడే ఇట్లు ప్రశ్నింపగలడు. నమ్మనివాడు ప్రశ్నింపడు, లేచి వెళ్లిపోవును.

9. దావీదు కుమారుడు

అట్టి దినములలో గబ్రియేలు నజరేతులో ఒక కన్యక యొద్దకు వచ్చి, పుట్టబోవు శిశువునకు దావీదు సింహాసనము ఇయ్యబడునని, ఆయన రాజ్యము అంతము లేనిదని చెప్పెను. ఇక్కడ చిక్కు పూర్తిగా విడిపోవుచున్నది. తండ్రి తరువాత కుమారుడు, కుమారుని తరువాత మనుమడు ఏలుట ద్వారా రాజ్యము నిత్యము కావచ్చును, లేక చావులేని రాజు ఒక్కడే ఏలుట ద్వారా కావచ్చును. మొదటి మార్గము 586లో మూసికొనిపోయెను. దేవుడు రెండవదానిని ఎన్నుకొనెను. పెంతెకొస్తు దినమున పేతురు ఇదే వాదించెను: దావీదు చనిపోయి సమాధి చేయబడెను, అతని సమాధి మన మధ్యనే ఉన్నది, దేవుడు ప్రమాణము చేసినది క్రీస్తు పునరుత్థానమును గూర్చియే (అపొ. కార్యములు 2:29-32). 1 దినవృత్తాంతములు 17:14 నాతాను మాటను చెప్పునప్పుడు, దేవుడు “నా ఇల్లు, నా రాజ్యము” అని పలికినట్లు వ్రాసెను. సింహాసనము మొదటినుండి దేవునిదే, దావీదు దానిమీద కూర్చుండబెట్టబడినవాడు.

“కుమారులు నడచుకొనినయెడల” అను షరతు కూడ కొట్టివేయబడలేదు. విధేయుడైన కుమారుడొకడు దానిని నెరవేర్చెను. ఎందరు రాజులు వచ్చినను నిలువలేని పరీక్షలో ఆయన నిలిచెను. జనులు పట్టుకొని రాజుగా చేయజూచినప్పుడు తప్పించుకొనిపోయెను (యోహాను 6:15). యూదయలో ఏ గద్దె మీదను కూర్చుండలేదు. కొన్యా మీది తీర్పు కూడ అట్లే నిలిచెను.

ఆ రాజ్యము యెరూషలేములో కన్నులకు కనబడునట్లు వెయ్యేండ్లు సాగునా, ఇప్పుడు పరలోకమునుండి ఏలుటయే దాని నెరవేర్పా అను విషయములో మన సంఘములలోనే రెండు తలంపులున్నవి. దానినిబట్టి సహోదరులు విడిపోవద్దు. ఇరుపక్షములవారు ఎదురుచూచు రాజు ఒక్కడే.

10. మనకు పాఠము

మన పెద్దలు ఆంధ్రదేశమునుండి పొట్ట చేతబట్టుకొని వచ్చి, వచ్చిన చోట ప్రార్థన గుంపులు కూర్చిరి, మందిరములు కట్టిరి. మూడవ తరము, నాల్గవ తరము ఇప్పుడు బల్లల మీద కూర్చున్నది. “మా తాత ఈ సంఘము స్థాపించినవాడు” అనుట సంతోషమే, గాని అది సాగు హక్కు కాదు. దావీదు మనుమడైన రెహబాము తాత పేరు మీద రాజ్యము నిలుపుకొనలేకపోయెను. మనము పసిబిడ్డలకు కాక విశ్వసించి ఒప్పుకొనినవారికే బాప్తిస్మమిచ్చు జనము. ప్రతి తరమును తానే రాజునెదుట మోకరింపవలెను. పిల్లలు ఏ భాషలో బైబిలు చదివినను చదువనిండు, ప్రశ్నించినప్పుడు గద్దించకుడి. మా వేదపాఠములో ఆ యౌవనస్థుడు ప్రశ్నింపకపోయినయెడల ఈ పాఠము పుట్టెడిది కాదు.

దేవుడు దావీదు ఇంటికి చేసిన ప్రమాణము మన మందిరపు గోడలకు చేసినది కాదు. సొలొమోను మందిరమే కాలిపోయెను. మన సంఖ్య తగ్గినను, మందిరము మూతబడవలసివచ్చినను, క్రీస్తు రాజ్యము తగ్గదు.

ఇక ఆ తల్లి ప్రశ్న. ఆమెకు మేము లేని వాగ్దానము కల్పించి ఓదార్పలేదు. దావీదు ఎంత ఏడ్చినను అబ్షాలోము తిరిగి రాలేదు. నాతాను మాట ప్రతి ఇంటి ప్రతి కుమారునికి పూచీ కాదు. అయితే ఆమె అడిగినది, దేవుడు మాట ఇచ్చి వెనుకకు తీసికొనునా అని. “లేదమ్మా, తాను ప్రమాణము చేసినది ఒక్కటైనా వెనక్కి తీసుకోలేదు. ఆరు వందల ఏండ్లు ఆలస్యమైనట్టు కనబడినా తీసుకోలేదు. నీవు కీర్తన 89 పట్టుకొని ఆయనను అడుగు. అడిగే హక్కు నీకుంది” అని చెప్పితిమి. ఆమె తన కుమారుని పేరు చెప్పి ప్రార్థించుమనెను. ఆ సాయంకాలము పాఠము ఆ ప్రార్థనతోనే ముగిసెను. ప్రియులారా, మీ గుంపులలోను ఈ పాఠము చదివినప్పుడు, దూరమైనవారి పేర్లు చెప్పి అట్లే ముగింపుడి.

చర్చకు ప్రశ్నలు

1. కీర్తన 132:11, 12 వచనములలో ప్రమాణము ఏది, షరతు ఏది?
2. సౌలుకు చెప్పిన మాటకును దావీదునకు చేసిన వాగ్దానమునకును భేదమేమి?
3. “సంతానహీనుడు” అను మాటను యిర్మీయా 22:30 తానే ఎట్లు వివరించుచున్నది?
4. ముద్ర ఉంగరమును గూర్చి యిర్మీయా, హగ్గయి చెప్పిన మాటలను పోల్చి చూడుడి. జెరుబ్బాబెలునకు ఏమి ఇయ్యబడెను, ఏమి ఇయ్యబడలేదు?
5. దేవుడు మాట తప్పెనని మీకు తోచిన సమయమున ఎట్లు ప్రార్థించితిరి? ఇష్టమైనవారు సాక్ష్యము చెప్పవచ్చును.